షోపాన్ ప్లేటు

“దేవకుమారీ, షోపాన్ ప్లేటు పెట్టు!” హాల్లోంచి భర్త రాజరత్నం మాస్టారు కేకేశారు.

పొద్దున దుమ్ము దులుపుతుంటే చేజారి ముక్కలైన ఆ పోలండ్ విద్వాంసుడి పియానో రికార్డును దేవకుమారి లోపలి గదిలో కాలితో మంచం కిందకు తోసింది. రికార్డ్ ప్లేయర్ పక్కనున్న పియానో ముందు కూర్చుంది. “నీ వేళ్ళకు షోపాన్ పలకడులే” అని ఆయన ఎన్నిసార్లు ఎగతాళి చేశారో!

వాయించసాగింది.

“కళ్ళు మూసుకుని వినండి,” చర్చి మిత్రులకు మాస్టారు వివరిస్తున్నారు. “ఇక్కడ పుట్టిన దేశం మీద బెంగ. ఇదిగో, ఇక్కడ ప్రేయసి వదిలేసి పోయింది. ఇలా వాయించడం మనవాళ్ళ వల్ల అవుతుందా అండి?”

“మాస్టారూ,” వాళ్ళలో ఒకడైన ఏసురాజు గొంతు సవరించుకున్నాడు, “కరెంటు పోయి చాలాసేపైందండి.”

దేవకుమారి చివరిదాకా తీరిగ్గా వాయించి, గుమ్మంలోకి వచ్చింది. మాస్టారు నోరు తెరుచుకుని ఆగిపోయిన ఫ్యానుకేసి చూస్తున్నారు.

“రెండో పక్క వెయ్యమంటారా అండీ?”