కొండ చెరువుకు నాలుగో మనిషి

గాలం ఇంకా నీళ్లలో పడనేలేదు, సమీయుల్లా అబద్ధాలు మొదలుపెట్టేశాడు.

"ఇట్లాంటి చోటు ఒమన్ మొత్తం తిరిగినా యాడా దొరకదు భాయ్. ఎండ తగ్గిపాయ, చలి ఇంకా రాల్యా. అక్టోబరంటే ఈ చేపలకు పండగే."

వచ్చినతని పేరు కమ్రాన్. రాయచోటి మనిషే, మస్కట్ పక్కన మత్రాలో బట్టల కొట్లో పని. శుక్రవారం సెలవు కదా అని గాలపు కర్ర భుజాన వేసుకుని, బండి గేటు బయట ఆపి వచ్చాడు. గట్టు మీద కూర్చుని, చెరువు కంటే ఎక్కువగా సమీయుల్లా మొహాన్నే చూస్తున్నాడు.

చూస్తాడు మరి, తను ఉండబోయే చోటు ఎట్లాంటిదో అక్కడ ఉన్నవాడి మొహమే కదా చెప్పేది, అనుకున్నాడు సమీయుల్లా. అందుకే నవ్వు చెదరనివ్వలేదు.

నాలుగేళ్ల కిందట ఈ చెరువు యజమాని, అక్కడందరూ అర్బాబ్ అంటారు, తన అతిథుల సరదా కోసం చలిదేశాల నుంచి ట్రౌట్, పెర్చ్ పిల్లలను తెప్పించి ఈ కొండ చెరువులో వదిలాడు. వాటిని మేపడానికి సమీయుల్లాను తెచ్చి పెట్టాడు. అప్పటి నుంచి చేపలూ బయటికి పోలేదు, ఇతనూ పోలేదు. శుక్రవారాలు అతిథుల కోసం గేటు తీసే ఉంటుంది. తీసి ఉంటే మాత్రం? పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉన్నవాడు ఎంత దూరం పోతాడు!

సెలవడిగినప్పుడల్లా ఫోర్‌మన్ రషీద్ దగ్గర ఒకటే మాట. "నీ బదులు మనిషి కుదిరిన రోజే నీకు టికెట్."

అలా చోటు చూసుకోవడానికి ముగ్గురొచ్చారు. ఫోన్ మోగుతుందా అని ఒకడు అడిగితే, గేటు పక్కన ఎత్తు బండ ఎక్కితేనే అని ఇతను చెప్పాడు. రాత్రిళ్లు తోడెవరని ఇంకొకడు అడిగితే, ఎవరూ లేరన్నాడు. మూడోవాడు ఏమీ అడగలేదు, రేకుల గదిలోకి తొంగి చూసి వచ్చిన బండిలోనే తిరిగిపోయాడు. అక్కడ ఊళ్లో భార్య చాంద్ బీ కడుపులో గడ్డ పెట్టుకుని కూర్చుంది. నవంబరు దాటనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. ఆమెదేమో ఒకటే పట్టు. "నువ్వు నా ఎదురుగా ఉంటే తప్ప కత్తి పెట్టనియ్యను." పోయిన శుక్రవారం ఫోన్లో ఆ మాట విని ఇతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏం చేస్తాడు పాపం! ఈసారి ఎవరొచ్చినా నిజం చెప్పకూడదని ఆ రోజే తీర్మానించుకున్నాడు. గాలం వంకతో చోటు చూసుకోవడానికి వచ్చిన ఆ నాలుగో మనిషి ఈ కమ్రానే అని అతని నమ్మకం.

"ఏ పొద్దులో పడతాయి?" అడిగాడు కమ్రాన్.

"తెల్లారంగానే. నీళ్లు సల్లబడినాయి కదా, లోతులో ఉండే ట్రౌట్ పైకి వస్తాది. పదికంతా కనుమ గాలి లేస్తాది, ఇంక ముట్టదు. మళ్లా ఇదో, ఈ పొద్దుగూకే యాళకే. పెర్చ్ అట్ల కాదు, రాళ్ల నీడలో గుంపుగా ఉంటాది. ఆ నల్ల బండ పక్కకు ఎయ్యి."

వేశాడు. బెండు మునిగింది. ఒంటి నిండా చారలతో పెర్చ్ పైకొచ్చి గట్టు మీద ఎగిరెగిరి పడింది.

"ఈపు మీద ముల్లు భాయ్, పైలం!"

కమ్రాన్ దాన్ని కాసేపు చూసి, గాలం విడిపించి నీళ్లలోకి వదిలేశాడు.

"ఒక్కడివే ఉంటావే, భయం గాని దిగులు గాని లేదా?"

"దిగులా? మా ఇంటిదాని అరుపుల నుంచి తప్పించుకోని హాయిగా ఉండా!"

కమ్రాన్ నవ్వలేదు. "తిండి?"

"చేపలే చేపలు." నాలుగేళ్లలో ఒక్క చేపను నోట పెట్టుకుని ఎరగడు. వారానికోసారి వచ్చే ఉల్లిగడ్డలూ రొట్టెలే అతని తిండి.

"అర్బాబ్?"

"కన్నతండ్రి మాదిరి సూసుకుంటాడు."

"అల్లా తోడుగా చెప్పు భాయ్. ఇక్కడ సుఖంగానే ఉన్నావా?"

కత్తికి భయపడే చాంద్ బీ సమీయుల్లా కళ్ల ముందు మెదిలింది.

"అల్లా తోడు," అన్నాడు.

కమ్రాన్ గాలం చుట్టేశాడు. గేటు దాకా వెళ్లి ఆగి, గొంతు తగ్గించాడు. "బండి ఖాళీగానే ఉంది. మస్కట్ దాకా వస్తావా నాతో, ఇప్పుడే?"

సమీయుల్లా గుండె ఎగిరి ముందు సీట్లో కూర్చుంది. కాళ్లను మాత్రం గట్టిగా నిలబెట్టాడు. పరీక్ష పెడుతున్నాడు! నేను ఎగిరి బండెక్కితే ఈ చోటు ఎట్లాంటిదో వీడికి తెలిసిపోదూ?

"యాడికి భాయ్ వచ్చేది? ఈ చెరువు ఇడిసి ఒక్క పూట ఉండలేను."

"మళ్లీ రమ్మంటే రాలేను. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది!"

"సరే. ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

రషీద్‌కే కదా, అనుకున్నాడు సమీయుల్లా. బండి కదలగానే ఆయాసపడుతూ ఆ ఫోన్ బండ ఎక్కి ఇంటికి కలిపాడు.

"చాంద్, మనిషి కుదిరినాడే! కమ్రాన్ అని, మన రాయచోటోడే. చెరువు చూసి మురిసిపోయినాడనుకో. నీ ఆపరేషన్‌కు నేనుంటా!"

కింద కనుమలో బండి చివరి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

"వింటాండావా?"

"నువ్వు వస్తానంటేనే సంగతి చెప్పి ఎంబసీకి తోలుకరమ్మని ఆ భాయ్‌ను పంపిచ్చింది నేనే."