తన్నకముందే లేచిన గీత

మా ల్యాబులో పని రాత్రిపూటే. పగలు రోడ్డు మీద లారీ పోతే చాలు, బల్ల మీది అద్దాలు అదురుతాయి. మొదటి లేజర్ వెలుగు పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను తంతుంది, వెనకే వచ్చే రెండోది ఆ కదలికను పట్టుకుని తెర మీద గీతగా చూపిస్తుంది. తన్ను పడకపోతే తెర మీద గీత లేవకూడదు.

ఈ రాత్రి తన్నకముందే లేచింది. ల్యాబు నడిపే మేడమ్‌కి ఫోన్ చేశాను.

"అద్దం వదులుగా బిగించి ఉంటారు పెద్దాయనా. మీ ఆవిడ పోయినప్పటినుంచీ మీకు పని మీద ధ్యాస లేదు. తెల్లారేలోపు సరిచెయ్యకపోతే ఇక రానక్కర్లేదు."

"మీ సానుభూతి చల్లగుండ," అని పెట్టేశాను.

ఉద్యోగం పోతే ఆ ఖాళీ ఇంట్లో రాత్రుళ్ళు కూడా కూర్చోవాలి.

అద్దాలన్నీ మళ్ళీ బిగించాను. నడుం పడిపోయింది. మొదటి వెలుగుకు మూత వేశాను. ఇక నేను మీట నొక్కితేనే మూత తెరుచుకుని తన్ను పడుతుంది. పదిసార్లు నొక్కాను. పదిసార్లూ ముందు గీత లేచింది, ఆ తర్వాతే నా వేలు కదిలింది.

పదకొండోసారి నొక్కకూడదనుకున్నాను. చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని కూర్చున్నాను. గాలి తోడేసే పంపు రొద తప్ప చప్పుడు లేదు.

గీత లేచింది.

నేను కదపకుండానే నా కుడిచెయ్యి చంకలోంచి మెల్లగా బయటికి వచ్చి మీట వైపు పోతోంది.