పచ్చ చుక్క

"కళ్లు మూసుకోండి. పట్టుకున్నదేదో వదిలేయండి," అంది కృష్ణప్రియ.

పద్దెనిమిది మంది వదిలేశారు. ఇద్దరు గురక కూడా మొదలెట్టారు.

వికారాబాద్ దగ్గర ఫామ్‌హౌస్. శుక్రవారం మధ్యాహ్నం. మూడు రోజుల యోగా శిబిరంలో మొదటి రోజు. వచ్చినవాళ్లంతా హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ జనం. నియమం ఒకటే, ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో పడేయాలి. డబ్బాకి వంటమనిషి భాగ్యమ్మ కాపలా. వైఫై టీచర్ గదిలో తప్ప ఎక్కడా లేదు. ఆ గదిలోకి ఎవరూ రాకూడదు. అది ఆమె ఏకాంత సాధన కోసమట.

పోస్టర్ మీద 'యోగిని కృష్ణప్రియ' అని ఉంటుంది. యోగిని అన్న ముక్కని పోస్టర్ డిజైన్ చేసిన బాలు ఉచితంగా కలిపాడు. ఆ యోగిని పొద్దున ఆరింటికి కోకాపేటలో ముప్పై రెండో అంతస్తువాళ్ల నడుములు వంచుతుంది. మధ్యాహ్నం ఆఫీసుల్లో కుర్చీ యోగా. ఆదివారం ప్రగతి నగర్ చెరువు గట్టు మీద పెద్దవాళ్లకి ఉచిత క్లాసు. అక్కడ ఆసనాలు తక్కువ, ఎవరి మోకాలు ఎక్కువ నొప్పి అన్న పోటీ ఎక్కువ. రెండు నెలలకోసారి ఇలాంటి శిబిరం. ఇంతా చేస్తే వచ్చేది కొత్తగూడ ఫ్లాటు కిరాయిలో సగం. మిగతా సగం ఎక్కణ్నుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. యోగినుల్ని అలాంటివి అడగరు.

అడిగేదల్లా ఒకటే. "ధైర్యంగా ఉద్యోగం వదిలేశారట కదా మేడమ్?"

కృష్ణప్రియ చిన్నగా నవ్వుతుంది. దాన్ని వాళ్లు వైరాగ్యం అనుకుంటారు. చేతికి వాచీ లేకపోవడం చూసి, కాలాన్ని జయించిందని కూడా అనుకుంటారు. ఆమె కాదనదు. పొగిడేవాళ్ల నోరు మూయించడం హింస కదా.

క్లాసు అయ్యాక అందరూ టీకి లేచారు. సురేంద్ర మాత్రం చాప చుట్టకుండా కూర్చున్నాడు. నలభై ఐదేళ్ల మేనేజరు. పొద్దున పరిచయాల్లో అతను కంపెనీ పేరు చెప్పగానే కృష్ణప్రియకి పొలమారింది. అల్లం టీ ఘాటు అనుకున్నారంతా.

"నాకు వదలడం రావట్లేదండీ," అన్నాడు.

"ఏది?"

"మనిషిని. ఇవాళ ఐదింటికల్లా మా టీంలో ఒకరి పేరు పైకి పంపాలి, తీసేయడానికి. ఇద్దరు మిగిలారు. నితీష్, సక్కుబాయి. నా టెన్షన్ చూడలేక మా ఆవిడ తన బదులు నన్ను ఇక్కడికి తోసింది."

కృష్ణప్రియ ఎదురుగా కూర్చుంది. పద్మాసనం కుదరలేదు. కాళ్లు చాపేసింది.

"ఎవరి పేరు రాద్దామనుకుంటున్నరు?"

"నితీష్‌దే అండి. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన చుక్క ఉంటుంది చూశారూ? పనిలో ఉంటే పచ్చ, లేచి వెళ్తే పసుపు. అతనిది గంటకి నాలుగుసార్లు పసుపైపోతుంది. వాళ్లావిడకి ఏడో నెల్లోనే కాన్పయిందిలెండి."

"పాప ఇంకా దవాఖానలోనే ఉందా?"

"అవునండి. కానీ పైవాళ్లు చూసేది చుక్కల రిపోర్టే కదా. సక్కుబాయిగారిదైతే పొద్దున తొమ్మిది నుంచి పొద్దుపోయేదాకా పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. అఖండదీపం అనుకోండి."

కృష్ణప్రియ గొంతు సవరించుకుంది. "ఆమె ఎట్లుంటది?"

"ఎవరూ చూళ్లేదండి. కరోనాలో చేరింది, ఇంటి నుంచే పని. కెమెరా పెట్టదు, నోరు విప్పదు. ఏం చెప్పినా 'నోటెడ్' అని టైప్ చేస్తుంది. పెద్దావిడ, పాపం. యాభై దాటుంటాయి."

"యాభయ్యా? ఎట్ల చెప్తరు?"

"పేరే చెప్తోంది కదండీ! భర్త ఉన్నాడో లేడో, ఏ కష్టంలో ఉందో. ఆవిణ్ని ఎలా తీసేయను?"

కృష్ణప్రియ సీసాలో నీళ్లు గడగడా తాగింది. శిష్యులకి మొలకలు పెట్టి తను వంటింట్లో చాటుగా తిన్న మిర్చి బజ్జీల మీదికి నెపం తోసింది.

"ఓ టీచరమ్మా! చాయ్ సల్లారిపోతాంది. ఏం ముచ్చటది, ఒడుస్తలేదు?" వంటింట్లోంచి భాగ్యమ్మ కేక.

"వస్తున్న భాగ్యమ్మా!" అని, ఇటు తిరిగింది. "అసలు పని ఎవరు చేస్తరు సార్?"

సురేంద్ర తల గోక్కున్నాడు. "నితీషే. ఇద్దరిదీ."

కృష్ణప్రియ చాపిన కాళ్లు ముడుచుకుంది. 'మీ శ్వాసని గమనించండి' అని తప్పించుకోవచ్చు. ఇన్నాళ్లూ అలాగే నెట్టుకొచ్చింది. ఈసారి తన శ్వాసే దొరకలేదు.

"సార్, మనిషన్నాక మంచినీళ్లకి లేస్తది, పిల్ల ఏడిస్తే లేస్తది. మీ నితీష్ మనిషి. పొద్దంతా కదలని దీపం దీపమే కాదు. సక్కుబాయి పేరు రాయుండ్రి."

"మరి ఆవిడ గతేంటండీ?"

"బతుకుతది. ఫికర్ చెయ్యకుండ్రి. ఆమెకి ఇది ఎప్పుడో కావాల్సింది."

సురేంద్ర కళ్లు తుడుచుకున్నాడు. "మీలా వదిలేయడం అందరికీ రాదు మేడమ్."

నియమం సడలించి డబ్బా మూత తీయించింది కృష్ణప్రియ. అతను ఫోన్‌కి అంటిన బియ్యం దులిపి, మెయిల్ కొట్టి, పంపేసి, ఫోన్ మళ్లీ బియ్యంలో గుచ్చి, తేలికపడ్డ మొహంతో టీ వైపు నడిచాడు.

కృష్ణప్రియ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుని, మౌస్ కదులుతున్నట్టే కనిపించాలని దాని కింద ముల్లు తిరుగుతూ ఉండేలా పెట్టి ఉంచిన వాచీని తీసి ఇన్నేళ్ల తర్వాత చేతికి పెట్టుకుంటే, కాసేపటికి తన ఆఫీసు లాప్‌టాప్ తెర మీద సక్కుబాయి పేరు పక్కన చుక్క పసుపు రంగుకి తిరిగింది.