పైడితల్లి అర్జీ

అర్జీ పెట్టకుండానే పనులన్నీ జరిగిపోయే రోజులొచ్చినా, అర్జీలు రాసే గవరయ్య మునిసిపాలిటీ గేటు పక్కనున్న తన బల్ల ఎత్తేయలేదు. ఆ ఉదయం పైడితల్లి వచ్చింది.

"మా ఇంటాయన పోనాడని రాయి బావూ."

"ఆ సర్టిఫికెట్టు దానంతటదే వచ్చుంటుందే!"

"వచ్చీసింది. ఆస్పత్రి నుంచి నాను ఇంటికెల్లకముందే ఫోనుకొచ్చీసింది. రేషన్‌లో పేరూ తీసీసినారు. ఏటైనాదమ్మా అని నన్నొక్కరూ అడగనేదు."

గవరయ్య కాగితం తీసి, "మహారాజశ్రీ కమిషనరు గారికి" అని అలవాటుగా మొదలుపెట్టాడు. ఆమె చెబుతూ పోతే నాలుగు పేజీలయ్యాయి. చివర వేలిముద్ర వేసి, "ఇదెవలికియ్యాల?" అని అడిగింది.

లోపలంతా యంత్రాలే, తీసుకోవడానికి మనిషన్నవాడు లేడు.

గవరయ్య లేచి నిలబడి, అర్జీని రెండు చేతులా అందుకున్నాడు.