ఎదుటివాడి కళ్లలో

తమ్ముడి అంత్యక్రియలు ముగించుకుని, అన్న నేరుగా స్పేర్ పార్టుల కొట్టుకి వచ్చాడు. వస్తూనే ఇనప రాడ్డుతో గాజు కౌంటర్ పగలగొట్టాడు. కొట్టు యజమాని లేచేలోపే కాలర్ పట్టుకుని గాజుపెంకుల మీదికి ఈడ్చాడు.

"వ్యానుకి అంత పవరున్న హెడ్‌లైట్ బల్బులు ఎవడు అమ్మమన్నాడురా నిన్ను? ఎదురుగా బండి మీద వస్తున్న మావాడికి ఆ వెలుగులో కళ్లు బైర్లు కమ్మాయి. దారి కనపడక పోయి గోడకి గుద్దుకున్నాడు. ఇలా అవుతుందని తెలీదా నీకు?"

"తెలుసన్నా" అన్నాడు యజమాని.

మూతి మీద గుద్దు పడింది. రెండో గుద్దుకి పన్ను ఊడి, చొక్కా అంతా నెత్తురయింది. అయినా అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"తెలిసీ అమ్మావా? వద్దని చెప్పలేకపోయావా?"

"చెప్పానన్నా. ఆ వ్యానుకి మామూలు బల్బులే సరిపోతాయి, ఇవి ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయని బతిమాలాను. వింటేగా!"

"వినకపోతే ఇలా నాలుగు తన్నైనా ఆపాల్సింది కదరా!"

రాడ్డు కింద పడింది. అన్న గాజుపెంకుల్లోనే కూలబడ్డాడు.

"ఆ రోజు నువ్వు నన్ను చావగొట్టుంటే, నా వ్యాను వెలుగులో నా తమ్ముడు పోయేవాడు కాదు కదరా!"

యజమాని మూతి తుడుచుకుని, అరలోంచి మామూలు బల్బుల జత తీశాడు. ఇద్దరూ బయటికొచ్చి వ్యాను బానెట్ ఎత్తారు. బల్బు బిగించబోతుంటే అన్న చేతుల్లోంచి రెండుసార్లు జారింది. యజమాని ఆ చేతుల్ని కాసేపు గట్టిగా పట్టుకుని, తర్వాత తనే బిగించాడు.