పరగడుపు చుక్క

డ్యూటీ గేటు తెరుచుకోవాలంటే తెల్లారి టీ తాగకముందే డబ్బీ మీద నెత్తురు చుక్క పెట్టాలి. ఒంట్లో ఎముక ఎంత పెరుగుతోందో, ఎంత అరుగుతోందో అది చెబుతుంది. పోర్టు కాలనీలో ఇప్పుడు ప్రతి గుమ్మం పక్కనా అదొకటి వేలాడుతోంది.

క్రేను నడిపే ఎర్రినాయుడుకి వెన్నువాతం. పొద్దున్నే నడుము కొయ్యబారిపోయి, మంచం దిగడానికే అరగంట పడుతుంది. రెండు రోజులుగా డబ్బీ ఎర్రలైటే వేస్తోంది. మూడోసారీ వేస్తే క్రేను ఇంకొకడి చేతికి పోతుంది.

"ఓలే పైడితల్లీ, ఇయ్యాల నీ ఏలు పెట్టవే," అన్నాడు గొంతు తగ్గించి. అతని పెళ్లాం ఇరవై ఏళ్లుగా చేపల గంప మోస్తున్నా ఒక్కనాడూ మంచం పట్టి ఎరగదు. ఆమె ఎముకలు ఉక్కని అతని నమ్మకం.

"తప్పు కాదేటి మావా?" అంటూనే ఆమె వేలు పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

ఎర్రలైటే వెలిగింది. కింద, ఎముక ఎంత చెడిందో చెప్పే అంకె అతని అంకెకి రెట్టింపు ఉంది.

"నీ డబ్బీ పాడైపోనాది," అని నవ్వేసి పైడితల్లి గంప నెత్తికెత్తుకుంది. లేస్తూ ఎప్పటిలాగే గోడ పట్టుకుంది. గంప బరువుకేలే అని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు.

డబ్బీలు పోర్టు ఉద్యోగులకే ఇచ్చారు. ఆమె నెత్తురు ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇవాళ తనే అడిగాడు, అదీ తన క్రేను కోసం.

"గంప దించవే," అన్నాడు. ఆమె అప్పటికే గుమ్మం దాటింది.