ముందు పొట్టేలు

"ఆ గొట్టం నా గొంతులో దిగేది లేదు. నేను పోతాండా," అంటూ తిప్పన్న ఆస్పత్రి మంచం దిగి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

అతని భార్య ఆంజినమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "యాడికి పోయేది? బెళుగుప్ప నుంచి తెల్లారే బస్సు పట్టుకుని అనంతపురం వచ్చింది దీనికోసం కాదా?"

"మాత్రలు రాసిస్తారని వస్తిమి. పామును మింగమంటారని ఎవరు చెప్పినారు?"

గోడ పక్కన కొక్కేనికి వేలాడుతున్న నల్లటి గొట్టం చివర చిన్న దీపం వెలుగుతోంది. తిప్పన్న అటు చూడలేకపోయాడు. గుట్టల్లో చిరుత అడుగులు కనబడ్డా గొర్రెల మందను వదిలి రాని మనిషి. ఇప్పుడు పంచె ఎగగట్టుకుని తలుపు వైపు చూస్తున్నాడు. ఆ పంచె కూడా నడుము మీద నిలవడం లేదు. వదులైపోయిన మొలతాడుకు ఆంజినమ్మ ఈమధ్యే మరో ముడి వేసింది.

డాక్టర్ పద్మజ ఓపిగ్గా మళ్లీ చెప్పింది. "అన్నా, నీకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. షుగర్ ఉన్నవాళ్లకు కడుపులో కేన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువని అంటున్నారు. అందరికీ వస్తుందని కాదు. కానీ నువ్వు చిక్కిపోతున్నావు, తిండి సయించడం లేదంటున్నావు. ఒకసారి లోపల చూస్తే నీకూ నిమ్మళం, నాకూ నిమ్మళం."

"చూస్తే ఉంటాది మేడం. చూడకుంటే ఉండదు. మా చిన్నాయనకు అంతే. చూడకముందు గొర్రెలు తోలుకొని బాగా తిరుగుతాండె. చూసినాంక గంజి కూడా కడుపులో నిలవక పాయె."

"అంటే చూడబట్టే సచ్చినాడా?" అంది ఆంజినమ్మ.

"నీకేమే, చెప్తావు. మింగేది నువ్వా?"

ఆంజినమ్మ ఆ గొట్టం వైపు ఒకసారి చూసింది. తర్వాత అడిగింది. "మందకు కడుపులో పురుగులు పోయేదానికి నట్టల మందు తాపేటప్పుడు ఏం చేస్తావు?"

"దానికీ దీనికీ ఏమి?"

"చెప్పయ్యా."

"ముందు నడిచే పొట్టేలుకు తాపుతా. అది గుటక వేసి గమ్మున నిలబడితే తక్కినవి బెదరకుండా వస్తాయి."

ఆంజినమ్మ కొంగు నడుముకు దోపుకుని, వెళ్లి మంచం మీద కూర్చుంది. "మేడం, ముందు నాకు దింపండి."

డాక్టర్ నవ్వింది. "ఊరికే అట్లా దింపకూడదమ్మా. కారణం ఉండాలి."

"ఎందుకు లేదు? నాకూ షుగర్ ఉండాది. కడుపులో మంట ఉండాది. రెండు ముద్దలు సంగటి తింటే చాలు, గొంతుకాడికి వచ్చేస్తాది. పొద్దున లేస్తే పుల్లటి తేపులు. ఇంకా ఏం కావాల్నో చెప్పండి, అవీ ఉండాయి."

"ఎప్పటినుంచి?"

"మీకు ఎప్పటినుంచి కావాలంటే అప్పటినుంచి."

అంత భయంలోనూ తిప్పన్నకు నవ్వొచ్చింది. "ఎంత బాగా అల్లుతాండావు మే! సంతకు గొర్రెల్ని అమ్మేదానికి నిన్ను తోలాల్సింది."

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అడిగింది డాక్టర్.

"ఆయప్ప పస్తుంటే నేనెట్లా తింటా మేడం? ఎప్పుడూ ఆయప్ప తిన్నాంకనే నేను తినేది."

డాక్టర్ సైగ చేయగానే నర్సు ఆమె గొంతులో మొద్దుబార్చే మందు చల్లి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తిప్పన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గొట్టం పెదాల మధ్యకు చేరేదాకానే చూడగలిగాడు. ఆంజినమ్మ ఒక్కసారి డోకింది. ఆ చప్పుడుకు అతను మొహం తిప్పేసుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని కులదైవం బీరలింగేశ్వరుణ్ణి తలుచుకున్నాడు. చిన్నాయన ఆఖరి రోజుల మొహం కళ్ల ముందుకొచ్చింది. ఎముకలకు తోలు చుట్టినట్టున్న ఆ మొహం క్రమంగా తన మొహంలాగా మారిపోయింది. నర్సుతో డాక్టర్ ఏదో మెల్లగా అంటోంది. అతనికి వినబడలేదు. తన వంతు దగ్గరపడుతోందన్న మాటొక్కటే చెవుల్లో కొట్టుకుంటోంది.

భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడ్డాడు. ఆంజినమ్మ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొద్దుబారిన నాలుకతో అతికష్టం మీద అంది.

"చూసినావా? ఏమీ కాలేదు. పో."

ఆమె బయట బల్ల మీద కూర్చోవడానికి వెళ్లింది. తిప్పన్న మంచమెక్కాడు. నర్సు ఇంకో గొట్టం తెచ్చింది. అది గొంతు దాటుతుంటే ఊపిరి అక్కడే ఆగిపోతుందనుకున్నాడు. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. మంచం పట్టీని పిడికిలి నొప్పెట్టేలా పట్టుకున్నాడు. లోపల ఏం కనబడుతోందో డాక్టర్ మొహంలో చదవాలని చూశాడు. ఆ మొహం బిగుసుకుని ఉంది. అయిపోయింది, ఇంక నా పని అయిపోయింది అనుకున్నాడు.

గొట్టం బయటికి వచ్చింది.

"అన్నా, నీ కడుపు శుభ్రంగా ఉంది," అంది డాక్టర్. "నువ్వు చిక్కింది షుగర్ అదుపులో లేకనే. మాత్రలు ఎగ్గొడుతున్నావు కదూ?"

తిప్పన్న లేచి కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కాసేపటికి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇంక ఒక్కటి కూడా ఎగ్గొట్టను మేడం. ఇదంతా మా ఆడమనిషి పుణ్యమే. నాకు ధైర్యం చెప్పేదానికి మీతో ఎన్ని అబద్ధాలాడింది! మంటంట, తేపులంట. తప్పు పట్టొద్దండి."

డాక్టర్ పద్మజ చేతి తొడుగులు విప్పుతూ ఆగింది. వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చి, అతని పక్కన కూర్చుంది.

"ఆమె చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదన్నా."